మలుపు దగ్గరి మోపు గట్టు

నూట ముప్ఫయ్యో మెట్టు ఎక్కగానే ఇస్త్రీ పిన్ని అలవాటుగా కుడిపక్కకి ఒరిగింది. ఒరిగితే తగలాల్సిన గట్టు తగల్లేదు. నెత్తిమీది మూట గాలిలోకి జరిగింది, దాంతోపాటు మెడా జరిగింది. ఎడమచెయ్యి గోడకి ఆనించి, పళ్ళు బిగపట్టి, ఎలాగో నిలదొక్కుకుంది. నెత్తిన నలభై దుప్పట్ల బరువున్నప్పుడు తల తిరగదు, కళ్ళు మాత్రమే తిరుగుతాయి. కళ్ళు తిప్పి చూసింది. గట్టు లేదు.

గట్టు ఉన్నచోట నాలుగు పూలకుండీలు, వాటి మధ్య ఆకుపచ్చ రంగేసిన ఇనప బెంచీ. రంగు వాసన ఇంకా పోలేదు.

కింద బజారుకీ పై వీధికీ మధ్య రెండొందల నలభై మెట్లు. తారు రోడ్డు లేదని కాదు, ఉంది. అది కొండ చుట్టూ పెళ్ళివారిలా తీరిగ్గా తిరిగి వస్తుంది. ఆ దారిన వచ్చే బస్సులో మూటలు ఎక్కించుకోరు. అందుకని బరువున్నవాళ్ళందరికీ మెట్లే గతి. ఆ మెట్లకి సగం దాటాక ఒక మలుపు, ఆ మలుపులో నిలువుగా రెండు రాళ్ళు, వాటి మీద అడ్డంగా ఒక బండ. అదీ మోపు గట్టు. మెడ ఎత్తున ఉండేది. నెత్తిమీది మూటని వంగకుండా దాని మీదికి జరుపుకోవడం, నాలుగు ఊపిర్లు తీసుకోవడం, మళ్ళీ తల ఆనించి మూటని నెత్తిమీదికి లాక్కోవడం. ఒకర్ని అడిగే పనిలేదు. ఎన్నెన్ని మూటలు జరిగాయో, బండ నడిమి ఇస్త్రీపెట్టె అడుగులా నున్నగా తేలింది.

పిన్ని మెడ నరాలు వణకడం మొదలుపెట్టాయి. ఇంక ఆగలేక మూటని ముందుకి వంచి బెంచీ మీద పడేసింది. ఒక పూలకుండీ పక్కకి దొర్లింది. ఆవిడా పక్కనే కూలబడి, మూట కేసి చూస్తే అప్పుడు తెలిసొచ్చింది తను చేసిన పని.

బెంచీ కూర్చునేవాళ్ళకి. మోసేవాళ్ళకి మాత్రం అది గొయ్యి. అంత కిందికి దించిన మూటని మళ్ళీ నెత్తికెత్తాలంటే గొంతుక్కూర్చుని లేవాలి. పిన్ని మోకాళ్ళు ఆ పని మానేసి ఆరేళ్ళయింది.

సరే, ఎవరో ఒకరు రాకపోరు అనుకుంది. ఆ మెట్ల మీద ఒక ఆనవాయితీ ఉంది. బరువు దించుకుని నిలబడ్డవాళ్ళు కనిపిస్తే, దారినపోయేవాళ్ళు ఆగి ఒక చెయ్యి వెయ్యాలి. మూట నెత్తికెక్కాక, చెయ్యి వేసినవాళ్ళు "పద" అంటారు. మోసేవాళ్ళు కదులుతారు. థాంక్సులూ దండాలూ ఉండవు. నెత్తిన బరువున్న మనిషి చేత మాట్లాడించకూడదని కాబోలు.

మొదట కుక్కని పట్టుకుని ఒకావిడ వచ్చింది. కుక్క ఆగి మూటని వాసన చూసింది, ఆవిడ మాత్రం ఆగలేదు. తర్వాత ఒక జంట వచ్చి, పిన్నిని కాస్త పక్కకి జరగమని సైగ చేసి, కింద ఊరు కనబడేలా ఫొటో తీసుకుని వెళ్ళారు. ఆ తర్వాత చెవుల్లో ఏవో పెట్టుకుని ఒక కుర్రవాడు దిగుతున్నాడు. కొత్త మేడల్లోవాడే.

"బాబూ, ఒక్క చెయ్యి" అంటూ పిన్ని చెయ్యి చాపింది.

వాడికి వినబడలేదు, చాపిన చెయ్యి కనబడింది. జేబులో వెతుక్కుని, ఆ చేతిలో ఒక నాణెం పెట్టి, చిన్నగా నవ్వి, దిగిపోయాడు. మంచివాడే పాపం. అదే కదా కడుపులో మండేది!

పిన్ని నాణేన్ని చూసింది. విసిరేద్దామంటే వాడు అప్పటికే మలుపు దాటాడు. పిడికిలి బిగించుకుని కూర్చుంది.

ఖాళీ సిలిండరు భుజాన వేసుకుని సిలిండరు తమ్ముడు దిగాడు.

"ఏంటక్కా, బెంచీ ఎక్కావు? షికారా?"

"షికారే. నీకూ చోటుంది, రా. గట్టేదిరా?"

"పొద్దున్న సుత్తులతో వచ్చారక్కా. నేను సిలిండరుతో ఎక్కేటప్పుడు ఉంది, దిగేసరికి పిండి చేసేశారు."

"నోరుందిగా, అడగలేదూ?"

"అడిగా. అందం కోసమన్నారు. శుక్రవారం ఎవరో పెద్దాళ్ళు వచ్చి ఏ పేట అందంగా ఉందో చూసి బహుమతిస్తారట. గట్టు అడ్డమొస్తే కింద ఊరు కనబడదట."

"మనం కూడా అడ్డమేగా మరి. మనల్నీ పిండి చెయ్యలేకపోయారా?"

"చేస్తున్నారుగా అక్కా, మెల్లమెల్లగా" అని నవ్వి, సిలిండరు దించి, మూట కింద చెయ్యి వేశాడు. పిన్ని మూట కింద పెట్టుకునే గుడ్డ చుట్టకుదురు నెత్తిమీద సరిచేసుకుంది. మూట ఎక్కింది.

"పద" అన్నాడు.

కదులుతూ కళ్ళు పైకెత్తితే ఎదురు మేడ రెండో అంతస్తు కిటికీలో కిటికీ పెద్దమ్మ కనబడింది. మేడలవాళ్ళ సంఘం సెక్రటరీ గారి తల్లి. ఎప్పుడు చూసినా అక్కడే కూర్చుని ఉంటుంది కాబట్టి మెట్ల మీదివాళ్ళు పెట్టిన పేరది. ఆవిడ ఎవరితోనూ మాట్లాడగా విన్నవాళ్ళు లేరు.

మర్నాడు పొద్దున్న ఏడుంబావుకి, పై వీధిలోని ఇంటి గుమ్మంలో కూతురు చెయ్యి వేసి, ఇస్త్రీ అయిన దుప్పట్ల మూటని తల్లి నెత్తికెత్తింది. ఎనిమిదింటికి కింద బజారులోని లాడ్జిలో ఉండాలి. గదులు ఖాళీ అయ్యే వేళ అది, పక్కలు మార్చేది అప్పుడే. పిన్ని దారిలో ఎక్కడా దించకుండా ఒక్క బిగిన దిగుదామనుకుంది. పైనుంచి నూట పదో మెట్టు దగ్గర, ఆ మలుపులోనే, ఇంక అడుగు పడలేదు. గోడకి మూటని ఆనించి నిలబడింది. తెల్లటి దుప్పటి అంచుకి గోడ సున్నం, పాకుడు అంటుకున్నాయి. ఇరవై అడుగులకోసారి అలా ఆగుతూ వెళ్ళేసరికి ఎనిమిదిన్నర.

లాడ్జి మేనేజరు మూట విప్పి, మాసిన దుప్పటిని రెండు వేళ్ళతో పట్టుకుని పక్కన పెట్టాడు. చెడ్డ మాటేమీ అనలేదు.

"పిన్నిగారూ, పైవాళ్ళు నన్నడుగుతారు. మిషను లాండ్రీ వాడు వ్యాను పెట్టి మరీ తిరుగుతున్నాడు. మీ ఇస్త్రీ మడత వాడికి రాదు, నాకు తెలుసు. శనివారం దాకా చూస్తాను. రోజూ ఎనిమిదింటికి వస్తే సరే. లేకపోతే ఇంక నా చేతిలో ఏం లేదు."

శనివారం అంటే నాలుగు రోజులు. లాడ్జి పోతే మిగిలేది అరా కొరా చొక్కాలు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది దుప్పట్ల మీదే.

సాయంత్రం కూతురు కళ్ళద్దాల కొట్టు నుంచి రాగానే కాళ్ళు కడుక్కోనివ్వకుండా కాగితం ముందు పెట్టింది పిన్ని.

"రాయి."

"ఎవరికే?"

"సెక్రటరీకి. గట్టు ఎందుకు కొట్టారో అడుగు. మళ్ళీ కట్టమని రాయి. మర్యాదగా రాయి, కానీ మరీ మర్యాదగా వద్దు."

"అమ్మా, నువ్వు చెప్పినట్టు రాస్తే మనల్ని కూడా కొడతారు" అంటూనే రాసింది కూతురు, గుండ్రటి అక్షరాలతో. రాసినంతసేపూ పిన్ని పక్కన నిలబడి చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నొక్కుతూనే ఉంది. ఆ కాలరు అంత కరుకుగా ఎప్పుడూ తేలలేదు.

బుధవారం మధ్యాహ్నం పిన్ని ఆ కాగితం పట్టుకుని వెళ్ళింది. సెక్రటరీ గది ఎదురు మేడ కింద, కార్లు పెట్టేచోటు పక్కన. గోడకి కొండ ఫొటోలు, బల్ల మీద అద్దం, అద్దం కింద రకరకాల రసీదులు.

"ఏమ్మా, బట్టలైతే పైన ఇంట్లో ఇవ్వు" అన్నాడు సెక్రటరీ తలెత్తకుండా.

"బట్టల కోసం రాలేదు బాబూ. గట్టు కోసం."

అతను కాగితం తీసుకుని చదివాడు. చదువుతూ చదువుతూ జేబులోంచి ఎర్రకలం తీసి ఒకచోట అక్షరం దిద్దాడు. ఆ తర్వాత ఇంకోచోట. పిన్నికి చదువు రాదు కానీ ఎర్రసిరా అంటే ఏమిటో తెలుసు. అద్దాల కొట్లో రోజంతా నిలబడి వచ్చిన పిల్ల, కాళ్ళు లాగుతుంటే రాసిన కాగితం అది.

"చూడమ్మా, మీలాంటివాళ్ళ కోసమే కదా బెంచీ వేయించాం. ఇదివరకు నిలబడేదానివి. ఇప్పుడు హాయిగా కూర్చోవచ్చు."

"కూర్చోవచ్చు బాబూ. లేచేదెలాగ?"

"అదేంటి?"

"మూట అంత కిందికి దించాక నెత్తికెత్తేదెవరు? గట్టయితే మెడ ఎత్తున ఉండేది."

"కిందికి ఉంటేనే కదమ్మా సులువు? పైకి ఎత్తి పెట్టడం కష్టం గానీ!" అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఏనాడూ నెత్తిన బరువు పెట్టుకోని మనిషికి అంతకంటే తోచదు మరి. ఎత్తి పెట్టాల్సిన పనే లేదు, బరువు పైనే ఉంటుందని ఎలా చెప్పాలో పిన్నికి తెలియలేదు. నెత్తిమీద చెయ్యి పెట్టుకుని చూపించింది. అతనికి నవ్వొచ్చింది, దాచుకున్నాడు.

తర్వాత బీరువా తీసి ఒక పెద్ద కాగితం పరిచాడు.

"ఇదీ మెట్ల ప్లాను. ఇదిగో మలుపు. ఇందులో గట్టెక్కడుందో చూపించు."

పిన్ని వంగి చూసింది. గీతలు, అంకెలు.

"లేదు కదా? ప్లానులో లేదు, ఏ రికార్డులోనూ లేదు. ఎవరు కట్టారో తెలీదు, ఎప్పుడు కట్టారో తెలీదు. లేనిదాన్ని మేమెలా పడగొడతామమ్మా? ఈ దరఖాస్తు తీసుకుంటే రేపు నన్నడుగుతారు, ఏ గట్టు అని."

పిన్ని వంచిన నడుము నిటారుగా ఎత్తింది. 

"నా మెడనడుగు బాబూ, చెప్తుంది. సిలిండరు మోసేవాడి భుజాన్నడుగు. మీ మేడల్లోకి నీళ్ళ డబ్బాలు వచ్చేది దేనిమీదనుంచి? మీ సోఫాలు ఎక్కింది దేనిమీద ఊపిరి తీసుకుని? లేదట! ఉన్నన్నాళ్ళూ అది మీకు కనబడలేదని చెప్పు, నమ్ముతాను. లేదని మాత్రం చెప్పకు."

"గొంతు తగ్గించు."

పిన్ని గొంతు తగ్గించలేదు, పెంచనూ లేదు. కొంగు ముడి విప్పి, ఆనాటి నాణేన్ని బల్ల మీది అద్దంపై టక్కున పెట్టింది.

"ఇదేంటి?"

"నీ బెంచీ మీద కూర్చుంటే నాకు దొరికింది. చెయ్యి వెయ్యమంటే ఇది చేతిలో పెట్టారు. ముప్ఫయ్యేళ్ళుగా ఈ మెట్లెక్కుతున్నా, ఇంతవరకూ నాకెవరూ ముష్టి వెయ్యలేదు. ఇది నీదే, ఉంచుకో."

కూతురు రాసిన కాగితం మాత్రం వెనక్కి తీసుకుని, ఎర్రసిరా కనబడకుండా మడిచి, వచ్చేసింది.

గురువారం మూటని రెండుగా చేసింది. రెండుసార్లు దిగడం, ఒకసారి ఎక్కడం. మొదటి సగం ఏడున్నరకి అందింది, రెండో సగం తొమ్మిదింటికి. మేనేజరు గడియారం చూసి, శనివారానికి ఇంక రెండు రోజులే అన్నట్టు రెండు వేళ్ళు చూపించాడు. 

రెండో మూటతో మలుపు దాటుతుంటే పైనుంచి గొంతు వినిపించింది.

"కుదురు ఎడమకి జారింది. సరిచేసుకో, లేకపోతే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది."

పిన్ని ఆగింది. కిటికీ పెద్దమ్మ! కుదురు నిజంగానే ఎడమకి జారింది. మూట కిందున్న కుదురు జారిన సంగతి చూసేవాళ్ళకి తెలియదు, నడకలో తేడా పట్టగలిగినవాళ్ళకే తెలుస్తుంది.

"గట్టు ఇంకా పెద్దది కడతారటగా?" అంది పెద్దమ్మ. "మావాడు చెప్పాడు, పాతది కదిలిపోతోందనీ, కొత్తది కడుతున్నామనీ. ఎప్పుడు మొదలెడతారో అని చూస్తున్నా."

"మీవాడు నాతో అసలు గట్టే లేదన్నాడు పెద్దమ్మా."

"ఏవన్నాడూ?"

"లేదన్నాడు. కాగితంలో లేదట. లేనిదాన్ని ఎలా పడగొడతామన్నాడు."

 పిన్ని రెండు మెట్లు దిగేసరికి పైన కిటికీ రెక్క మూసుకున్న చప్పుడు వినబడింది.

శుక్రవారం పొద్దున్న మెట్లన్నీ కడిగారు. పై వీధి మొదట్లో కాపలావాడు అడ్డం వచ్చాడు.

"పిన్నీ, తొమ్మిది దాకా మూటలొద్దన్నారు. పెద్దాళ్ళు వస్తున్నారు."

"నా మూటకి టైము చూడ్డం రాదు నాయనా. పక్కకి తప్పుకో."

"నా ఉద్యోగం పోతుంది పిన్నీ."

"నాదీ పోతుంది. ఇద్దరం కలిసే వెతుక్కుందాంలే" అని పిన్ని దిగడం మొదలుపెట్టింది. వాడు ఇంకోపక్కకి తిరిగి నిలబడ్డాడు, తను చూడలేదని చెప్పుకోవడానికి.

మలుపులో, సరిగ్గా గట్టు ఉన్నచోట, పూలకుండీల మధ్య కిటికీ పెద్దమ్మ నిలబడి ఉంది. కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులు. రెండంతస్తులు ఎలా దిగిందో, ఆయాసం ఇంకా తీరలేదు.

"దించు. నేనున్నాను" అంది.

"మీరేంటి పెద్దమ్మా, మీవల్ల కాదు."

"గట్టు లేదుగా. నేనున్నానుగా. దించు."

సన్నటి చేతులు మూట కిందికి వచ్చాయి. ఎక్కడ పట్టాలో ఆ చేతులకి తెలుసు. ముడి దగ్గర కాదు, అడుగున, బరువు కూడే చోట. ఇద్దరూ కలిసి మూటని బెంచీ మీదికి దించారు. పిన్ని ఊపిరి తీసుకుంది. పెద్దమ్మ కూడా తీసుకుంది. ఇద్దరూ ఒకే వరసలో తీసుకున్నారు.

అప్పుడే కింద నుంచి సెక్రటరీ వచ్చాడు. వెనక ముగ్గురు పెద్దమనుషులు. అందులో ఒకావిడ చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. తల్లిని చూసి సెక్రటరీ మొహం పాలిపోయింది.

"అమ్మా! నువ్విక్కడేంటి? లోపలికి పద."

"వెళ్తాలే. ఒరే చిన్నోడా, ఆ పక్కన చెయ్యి వెయ్యి."

"అమ్మా, వీళ్ళంతా వచ్చారు. తర్వాత..."

"ఆవిడ ఎనిమిదింటికి చేరాలి. తర్వాత కాదు, ఇప్పుడే."

ముగ్గురు పెద్దమనుషులూ చూస్తున్నారు. సెక్రటరీ చొక్కా చేతులు పైకి లాక్కుని, వంగి, ముడి దగ్గర పట్టుకున్నాడు.

"ముడి కాదు, అడుగున పట్టు."

పట్టుకున్నాడు. ఎత్తాడు. నడుము దాకా వచ్చేసరికి అతని మోచేతులు వణికాయి, మెడ మీద నరం ఉబ్బింది.

"ఇంత బరువుందేంటి!" నోరు జారిపోయింది.

"ఇటుకలు ఇంతకంటే బరువురా" అంది పెద్దమ్మ, ఇంట్లో మాట్లాడుకుంటున్నట్టు. "ఈ వీధిలో పాత మేడలకి నేను మోశాను. నువ్వు ఇసక కుప్ప మీద ఆడుకునేవాడివి. ప్రతి మోపుకీ ఆ గట్టు మీదే ఊపిరి తీసుకున్నా. నీకు అన్నం పెట్టిన బండరా అది. దాన్ని లేదన్నావట?"

మూట పిన్ని నెత్తికెక్కింది. ఇంక ఆవిడ తల తిరగదు. అతని మొహం ఎలా ఉందో చూడాలని ఎంత ఉన్నా చూడలేకపోయింది. చెవులు మాత్రం అక్కడే ఉన్నాయి.

అట్ట పట్టుకున్నావిడ గొంతు అడిగింది: "ఇక్కడ ఇంతకుముందు ఏమైనా ఉండేదా?"

కింద బజారులో ఆటో హారన్లు వినబడుతున్నాయి.  పిన్ని కదలకుండా నిలబడింది.

"గట్టు ఉండేదండీ" అన్నాడు సెక్రటరీ. "పడగొట్టించాం."

"పద" అంది పెద్దమ్మ. పిన్ని దిగింది. లాడ్జి గడియారంలో ఎనిమిదికి ఇంకా మూడు నిమిషాలుంది.

శనివారం కూడా పెద్దమ్మ వచ్చి నిలబడింది, పిన్ని వేళకి చేరింది. మేనేజరు దుప్పట్లు లెక్కపెట్టుకుని, "సోమవారం కూడా ఇదే వేళకి" అన్నాడు. 

మధ్యాహ్నం పిన్ని గుమ్మంలో ఎవరో రొప్పుతున్న చప్పుడు. సెక్రటరీ. మలుపు నుంచి పైదాకా నూట పది మెట్లు, ఎప్పుడూ కారులో చుట్టూ తిరిగి వచ్చేవాడు. చేతిలో కొలిచే టేపు. పిన్ని ఇస్త్రీ ఆపలేదు, కుర్చీ మాత్రం కాలితో జరిపింది.

"కూర్చో బాబూ. ఇది లేవడానికి వీలైనదే."

అతను కూర్చోలేదు. "బహుమతి ఇంకో పేటకి వెళ్ళింది" అన్నాడు.  జేబులోంచి నాణెం తీసి, "మీరు మర్చిపోయారు" అన్నాడు.

"మర్చిపోలేదు. ఇచ్చేశాను."

నాణెం మళ్ళీ జేబులోకి వెళ్ళింది.

"అమ్మ నిన్నటి నుంచి నాతో మాట్లాడ్డం లేదు. గట్టు కట్టిస్తాం. ఎంత ఎత్తుండాలి?"

"సోమవారం పొద్దున్న మలుపు దగ్గరికి మేస్త్రీని తీసుకురండి. మోసేవాళ్ళంతా ఉంటారు. ఒక్కదాని మెడ కొలిచి కట్టేది కాదు అది."

"అలాగే. ఒక దరఖాస్తు మాత్రం ఇవ్వండి. రికార్డు కోసం."

పిన్ని ఇస్త్రీపెట్టె నిలబెట్టి మొదటిసారి అతని మొహంలోకి సూటిగా చూసింది.

"లేని గట్టుకి దరఖాస్తెందుకు బాబూ? కొట్టినప్పుడు ఏ కాగితం మీద కొట్టారో, అదే కాగితం మీద కట్టండి."

సోమవారం మేస్త్రీ బొగ్గుముక్కతో గోడ మీద గీతలు పెట్టాడు. సిలిండరు తమ్ముడి భుజానికొకటి, నీళ్ళ డబ్బాలవాడికొకటి, పిన్ని మెడకొకటి. గీతలు ఒకదానికొకటి జానెడేసి దూరంలో ఉన్నాయి. ఎవరిది పెట్టాలని మేస్త్రీ బుర్ర గోక్కుంటుంటే సిలిండరు తమ్ముడు, "అందరికంటే పొట్టివాళ్ళకి అందాలి మేస్త్రీ. పొడుగోళ్ళం మేం కాస్త వంగుతాంలే" అన్నాడు. అందరికంటే పొట్టి పెద్దమ్మ. ఆవిడ్ని గోడకి నిలబెట్టి మెడ దగ్గర గీత గీశాడు.

సాయంత్రానికి బండ ఎక్కింది. "సిమెంటు ఆరేదాకా మూడు రోజులు బరువు పెట్టొద్దు" అన్నాడు మేస్త్రీ.

అందుకని ఆ మూడు రోజులూ పొద్దున్న ఏడున్నరకి తడి గట్టు పక్కన పెద్దమ్మ ఒకపక్క, ఆఫీసు చొక్కాలో సెక్రటరీ ఒకపక్క నిలబడ్డారు. మొదటి రోజు మూట నెత్తికెత్తాక అతను అక్కడే నిలబడిపోయాడు, పిన్ని ఏమైనా అంటుందేమోనని. పిన్ని అనలేదు. ఆ మెట్ల మీద అలా అనరు. కదలనూ లేదు, అనాల్సినవాళ్ళు ఇంకా అనలేదు కదా మరి.

"అనరా" అంది పెద్దమ్మ.

"ఏమని?"

"చెయ్యి వేసినవాడు అనేది. నాతోపాటు ఎన్నిసార్లు విన్నావు!"

సెక్రటరీ మెట్ల పైకీ కిందికీ చూశాడు. ఆఫీసులకి దిగేవాళ్ళు ఒక్కొక్కరే ఆగుతున్నారు. చెవుల్లో ఏవో పెట్టుకున్న ఆ కుర్రవాడూ ఆగాడు.

"పదండి" అన్నాడు సెక్రటరీ.

పిన్ని కదిలింది.